ఆకాశంలో గడియారాలు, నేల మీద గట్లు

తిరుమల ఘాట్ రోడ్డులో కారెక్కి వెళ్లినవాళ్లకి టైమ్ చీటీ సంగతి తెలిసే ఉంటుంది. ఒక చివర బండి బయల్దేరిన టైమ్ వేస్తారు, రెండో చివర దాన్ని చూస్తారు. దారి పొడవు ఎలాగూ తెలుసు కాబట్టి, మరీ తొందరగా చేరిన బండి మలుపుల్లో ఎంత దూకుడుగా వచ్చిందో అక్కడికక్కడే తేలిపోతుంది. దూరం తెలుసు, సమయం తెలిసింది, వేగం దొరికింది. శాటిలైట్ నావిగేషన్ ఈ లెక్కనే తిరగేసి చేస్తుంది. అందులో వేగం ముందే తెలుసు: రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎంతసేపు ప్రయాణించిందో కొలిస్తే దూరం వచ్చేస్తుంది.

జీపీఎస్ అనగానే మనకు గుర్తొచ్చేది ఫోన్‌లో మ్యాప్, దాని మీద కదిలే నీలం చుక్క. కానీ మ్యాప్ చాలా తర్వాత వచ్చి చేరింది. పైన తిరుగుతున్నది గడియారం. ఈ సంగతి గట్టిగా పట్టుకుంటే చాలు, ఈ సిస్టమ్ ఎలా పుట్టిందో, మన దేశం సొంతంగా పెట్టుకున్నది ఎక్కడ తడబడిందో, పొలం కొలతకు వచ్చిన సర్వేయర్ తన పరికరం తెర వైపు చూస్తూ ఎందుకు ఆగిపోతాడో అన్నీ అర్థమవుతాయి.

చంద్రగిరి కోటలో రాజు, కొండ మీద స్వామికి నైవేద్యం అయిందని తెలిశాకే భోజనానికి కూర్చునేవాడని, ఆ కబురు గంటా మండపాల మీదుగా గంట మోతగా కిందికి దిగేదని ఈ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి గంట ఒకటి సరిగ్గా మధ్యాహ్నం 12కి కొట్టారనుకుందాం. కింద ఒక మనిషి దగ్గర ఒక్క క్షణం కూడా తేడా రాని వాచీ ఉంది. 12 దాటిన పది సెకన్లకు మోత వినిపించింది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి అతను గంటకు 3.4 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఏ దిక్కున ఉన్నాడో మాత్రం తెలీదు. ఇంకో రెండు చోట్ల నుంచి కూడా గంటలు వినిపిస్తే, ఆ మూడు దూరాలూ కలిసే చోటే అతని చోటు.

జీపీఎస్ శాటిలైట్ అలాంటి గంటే. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అది ఆగకుండా చెప్పే మాటలు రెండే: ఇప్పుడు నా టైమ్ ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను. నడినెత్తిన ఉన్న శాటిలైట్ మాట నేలకు చేరడానికి సెకనులో దాదాపు 15వ వంతు పడుతుంది. ఆ కాస్త సమయాన్ని ఎంత సన్నగా కొలవగలిగితే చోటు అంత ఖచ్చితంగా తెలుస్తుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్ల తప్పు. వంద కోట్ల వంతు తేడా అయితే 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు.

శాటిలైట్‌లో పరమాణు గడియారం, అంటే పరమాణువుల కంపనాలను బట్టి నడిచే అతి ఖచ్చితమైన గడియారం ఉంటుంది. మరి జేబులో ఉన్న ఫోన్‌లో? అందులో ఉన్నది మామూలు క్వార్ట్జ్ ముక్క. దాన్ని నమ్ముకుంటే చోటు కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. అందుకే మూడు శాటిలైట్లు చాలవు, నాలుగోది కావాలి. నాలుగు దూరాలు చేతిలో ఉంటే ఫోన్ తన చోటుతో పాటు తన గడియారం ఎంత తప్పుగా నడుస్తోందో కూడా లెక్కకట్టి సరిచేసుకుంటుంది. ఈ పద్ధతి మొత్తంలో అన్నిటికంటే అందమైన భాగం ఇదే. కోట్ల రూపాయల గడియారం ఆకాశంలో ఉంటే, దాని కచ్చితత్వం కింద పది వేల ఫోన్‌కి ఉచితంగా దిగి వస్తోంది. మొబైల్ టవర్లు ఒకదానితో ఒకటి జత కలిసి పనిచేయడానికి ఈ టైమ్‌ని వాడుకుంటాయి, కరెంటు గ్రిడ్‌లో లోపం ఎక్కడ వచ్చిందో పట్టుకునే పరికరాలూ వాడుకుంటాయి. మ్యాప్ ఎప్పుడూ తెరవని మనిషి కూడా ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఈ గడియారాల నీడలోనే ఉంటాడు.

ఇది మొదలైంది 1957 అక్టోబరు 4న. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగశాలలో విలియం గుయెర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని బీప్ మోతను వింటూ కూర్చున్నారు. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించినట్టే స్పుత్నిక్ సిగ్నల్ కూడా మారుతోంది. ఆ మార్పును బట్టి అది ఏ దారిన తిరుగుతోందో లెక్కగట్టేశారు. 1958లో వాళ్ల పైఅధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ తిరగేసిన ప్రశ్న వేశాడు: శాటిలైట్ ఎక్కడుందో తెలిస్తే, వింటున్నవాడు ఎక్కడున్నాడో చెప్పలేమా? సముద్రంలో దాగి ఉండే అమెరికా జలాంతర్గాములకు కావలసింది సరిగ్గా అదే. ఆ ప్రశ్న నుంచి వచ్చిన ట్రాన్సిట్ అనే సిస్టమ్ 1964 నాటికి నౌకాదళానికి పని మొదలుపెట్టి, 1996 దాకా నడిచింది.

ట్రాన్సిట్‌తో చోటు తెలుసుకోవాలంటే శాటిలైట్ నెత్తి మీదికి వచ్చేదాకా కాచుకోవాలి. ఓడకు ఫరవాలేదు, విమానానికి కుదరదు. ఎక్కడున్నా, ఎప్పుడైనా, ఎంత వేగంగా కదులుతున్నా చోటు తెలియాలంటే కూత మారడాన్ని కాకుండా సమయాన్నే నేరుగా కొలవాలి. దానికి గడియారాన్నే ఆకాశానికి పంపాలి. నౌకాదళ పరిశోధనశాలలో రోజర్ ఈస్టన్ ఈ దారి పట్టాడు. 1967లో ఆయన బృందం పంపిన టిమేషన్ శాటిలైట్‌లో ఉన్నది క్వార్ట్జ్ గడియారం. వైమానిక దళం తన పథకం తాను వేసుకుంది. 1973లో బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్‌సన్ నాయకత్వంలో ఈ రెండు దారులూ ఒకటై జీపీఎస్ రూపం తీసుకుంది. మొదటి జీపీఎస్ శాటిలైట్ 1978 ఫిబ్రవరిలో ఎగిరింది. 24 శాటిలైట్లతో సిస్టమ్ పూర్తయిందని ప్రకటించేసరికి 1995 వచ్చేసింది.

మధ్యలో ఐన్‌స్టీన్ కూడా వచ్చాడు. భూమి ఆకర్షణ తక్కువగా ఉన్న ఎత్తులో గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. గంటకు దాదాపు 14,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది కాబట్టి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. రెండూ పోను రోజుకు 38 మైక్రోసెకన్లు ముందు. వినడానికి ఇది ఏ మూలకూ రాదనిపిస్తుంది. దూరంలోకి మారిస్తే రోజుకు 11 కిలోమీటర్లకు పైనే. సరిచేయకుండా వదిలేస్తే, ఇవాళ అలిపిరిలో ఉన్న మనిషిని రేపు చంద్రగిరి దగ్గర చూపించేంత తప్పు. 1977లో పంపిన ఎన్‌టీఎస్-2 శాటిలైట్‌లో ఈ సవరణను ముందు ఆపేసి ఉంచి, గడియారం నిజంగానే అంత తేడాగా నడుస్తోందని చూసుకున్నాకే ఆన్ చేశారు. అప్పట్నుంచి గడియారాలను నేల మీద ఉండగానే ఆ మేరకు కాస్త నెమ్మదిగా నడిచేలా పెట్టి పంపుతున్నారు. సాపేక్ష సిద్ధాంతం క్లాసులో పాఠంగానే మిగిలిపోలేదు, ఫుడ్ డెలివరీ కుర్రాడు సరైన వీధిలోకి తిరగడానికి అది రోజూ అవసరం పడుతోంది.

సైన్యం కోసం కట్టినది అందరికీ వచ్చిన కథలో ఒక విషాదం ఉంది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేశారు. 269 మంది చనిపోయారు. జీపీఎస్ సిద్ధం కాగానే పౌర విమానాలకు ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ఆ తర్వాతే ప్రకటించింది. ఇచ్చింది కానీ పూర్తిగా కాదు. మామూలు జనం వాడే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేవారు, దాంతో చోటు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో క్లింటన్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. రాత్రికి రాత్రి ప్రపంచంలోని రిసీవర్లన్నీ పదింతలు మెరుగైనట్టయింది. వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ ముట్టుకోలేదు.

కార్గిల్ యుద్ధంలో అమెరికా మనకు జీపీఎస్ ఇవ్వలేదన్న మాట మన దగ్గర బాగా తిరుగుతుంటుంది. 1999 నాటికి పౌర సిగ్నల్‌లో కావాలని కలిపిన తప్పు ఇంకా ఉందన్న ఒక్క విషయం చాలు, అసలు సమస్య ఏమిటో తెలుస్తుంది. స్విచ్ వేరేవాళ్ల చేతిలో ఉంది. రష్యా సొంత నావిగేషన్ సిస్టమ్ గ్లొనాస్ 1982 నుంచే ఎగురుతోంది. యూరప్ గెలీలియో, చైనా బైదూ ఆ స్విచ్ గురించే పుట్టాయి. మన దేశం కూడా 2006లో సొంత సిస్టమ్‌కు అనుమతి ఇచ్చింది.

ఇక్కడి నుంచి కథ తిరుపతి జిల్లాలోకి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, దానితో పాటు శ్రీహరికోట ఈ జిల్లాలో కలిశాయి. ఇస్రో శాస్త్రవేత్తలు ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను శ్రీవారి పాదాల చెంత ఉంచి, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ తల్లికి దణ్ణం పెట్టుకోవడం టీవీల్లో చూస్తూనే ఉంటాం. 2013 జూలై 1 రాత్రి 11.41కి పీఎస్ఎల్‌వీ రాకెట్ మీద మన సిస్టమ్‌లో మొదటి శాటిలైట్ ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎ ఎగిరింది. 2016 ఏప్రిల్ 28 నాటికి ఏడు శాటిలైట్లూ పైకి చేరాయి, సిస్టమ్‌కు నావిక్ అని పేరు పెట్టారు. జీపీఎస్‌లా ప్రపంచమంతా తిరగవు ఇవి. 36,000 కిలోమీటర్ల ఎత్తున, మన దేశం, సరిహద్దుల చుట్టూ 1,500 కిలోమీటర్ల దాకా కనిపించేలా అక్కడే కాపు కాస్తాయి. ఏడింటితోనే పని జరిపించాలన్న ఆ ఆలోచన పొదుపైనది, తెలివైనది కూడా.

దెబ్బ తగిలింది గడియారాలకే. మొదటి శాటిలైట్‌లో ఉన్న మూడు రుబీడియం పరమాణు గడియారాలూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అవి బయటి నుంచి కొన్నవి. అదే రకం గడియారాలు గెలీలియోలోనూ మొరాయించాయి. గడియారం లేని నావిగేషన్ శాటిలైట్ నోరున్నా టైమ్ తెలియని గంట లాంటిది. దాని బదులు 2017 ఆగస్టు 31న పంపిన 1హెచ్ శాటిలైట్, రాకెట్ ముందుభాగంలో ఉండే కవచం విడిపోక అందులోనే ఉండిపోయింది. 2018 ఏప్రిల్‌లో 1ఐ వెళ్లింది. తర్వాత ఐదేళ్లు ఖాళీ. ఆ ఐదేళ్లు బాధ కలిగిస్తాయి, ఎందుకంటే పాత శాటిలైట్లలో మిగిలిన గడియారాలు ఆ కాలమంతా అరిగిపోతూనే ఉన్నాయి.

2023 మే 29న వెళ్లిన కొత్త నావిక్ శాటిలైట్ ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మన దేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది. ఫోన్ల చిప్‌లు సులువుగా అందుకునే ఎల్1 సిగ్నల్‌ను కూడా అందులోనే మొదలుపెట్టారు. 2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02 శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా ఎగిరింది. రాకెట్ తన పని తాను చేసింది. కానీ శాటిలైట్‌ను పై కక్ష్యకు తోసే ఇంజన్‌కు ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి కావలసిన పదార్థం) అందించే వాల్వు తెరుచుకోలేదు. 2025 మధ్యలో పార్లమెంటుకు ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం చోటు, సమయం అందించే స్థితిలో ఉన్నవి నాలుగు. చోటు లెక్కకు కనీసం కావలసినవీ నాలుగే. గడియారం పోయినవాటిలో కొన్నిటిని పారేయకుండా సందేశాలు పంపడానికి వాడుతున్నారు. వాకాడు, తడ వైపు నుంచి వేటకు వెళ్లే పడవ టవర్ సిగ్నల్ దాటిపోయాక తుపాను హెచ్చరిక చేరాలంటే ఇలాంటి దారే కావాలి. టైమ్ చెప్పలేకపోయినా కబురు చెప్పగలవు.

మన ఆకాశంలో ఇంకో చిక్కుంది. దీన్ని దగ్గర్నుంచి పరిశీలిస్తున్న చోటు తిరుపతికి అట్టే దూరం లేని గాదంకిలోనే ఉంది. జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1,024 యాంటెన్నాలు నేల మీద బారులు తీరి నిలబడి ఉంటాయి, 1990ల నుంచి పైకి చూస్తున్న ఎంఎస్‌టీ రాడార్ అది. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలకు విద్యుదావేశం పట్టిన పొర ఉంటుంది, దాన్ని అయనోస్ఫియర్ అంటారు. శాటిలైట్ సిగ్నల్ దానిలోంచి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. ఆలస్యం అంటే ఇక్కడ దూరంలో తప్పు. అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి ఆ పొర మన మీద దట్టంగా ఉంటుంది. పొద్దు గూకాక, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, అందులో బుడగల్లాంటివి లేచి సిగ్నల్‌ను మిణుకు మిణుకుమనిపిస్తాయి. అమెరికాకో యూరప్‌కో సరిపోయిన సవరణ పద్ధతి మనకు సరిపోలేదు. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన, జీపీఎస్ తప్పును సవరించి చెప్పే గగన్ అనే సిస్టమ్ ఈ చిక్కును తట్టుకోవలసి వచ్చింది, తట్టుకుని 2015 నాటికి విమానం దిగేటప్పుడు దారి చూపించే స్థాయి అనుమతి సంపాదించింది. మనవాళ్లు చేసిన పనుల్లో తగినంత పేరు రానిది ఏదైనా ఉందంటే అది గగన్.

రోజువారీ వాడకంలోకి వస్తే, చాలా ఫిర్యాదులు శాటిలైట్ మీద పడతాయి కానీ తప్పు దానిది కాదు. సందులోకి తీసుకెళ్లి గోడ ముందు నిలబెట్టింది మ్యాప్ గీసినవాళ్ల తప్పు. చోటు సరిగ్గానే తెలుసు, దారే తప్పుగా గీశారు. తిరుపతిలో శ్రీనివాస సేతు దగ్గర మాత్రం కథ వేరు. ఫ్లైఓవర్ మీద ఉన్న బండికీ, దాని కిందే ఉన్న బండికీ అక్షాంశ రేఖాంశాలు ఒకటే. తేడా ఎత్తులోనే. శాటిలైట్లన్నీ పైవైపే ఉంటాయి, కింది నుంచి చూసేది ఒక్కటీ లేదు కాబట్టి ఎత్తులో తప్పు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. పైగా కింద ఉన్న బండికి కాంక్రీటు అడ్డం, గోడలకు తగిలి చుట్టుతిరిగి వచ్చే సిగ్నల్. అందుకే ఫ్లైఓవర్ ఎక్కాక కూడా కిందే ఉన్నామనుకుని ఫోన్ కుడి వైపు తిరగమంటుంది. ఘాట్ రోడ్డులోనూ ఇంతే, లోయ వైపు సగం ఆకాశం తెరిచి ఉంటుంది, కొండ వైపు బండరాయి.

నెట్ లేకపోతే జీపీఎస్ రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకు. శాటిలైట్లు ఎక్కడున్నాయన్న పట్టికను ఫోన్ నెట్ ద్వారా చిటికెలో తెచ్చుకుంటుంది, నెట్ లేకపోతే దాన్ని శాటిలైట్ నుంచే సెకనుకు 50 బిట్ల చొప్పున ఓపిగ్గా విని రాసుకోవాలి, అంతే తేడా. శాటిలైట్ మనల్ని గమనిస్తుందన్న భయమూ అక్కర్లేదు. ఆకాశవాణికి ఎవరి ఇంట్లో రేడియో మోగుతోందో తెలీనట్టే దానికీ మన సంగతి తెలీదు. మన చోటు బయటికి చెప్పేది చేతిలో ఉన్న ఫోన్, అందులో మనం సరే అన్న యాప్‌లు. స్కూలు బస్సులో, 108 వాహనంలో, 2019 నుంచి రిజిస్టరయ్యే ప్రయాణికుల బండ్లలో ఉండే ట్రాకర్లు కూడా చోటును పైనుంచి విని, మొబైల్ నెట్‌వర్క్ మీద పంపుతాయి.

ఇవన్నీ సౌకర్యాలు. భూమి సంగతి అలా కాదు, అక్కడ తప్పు వస్తే తరాలు కొట్లాడుకుంటాయి. పాత ఎఫ్‌ఎంబీ పటాలు, అంటే పొలాల కొలతల పుస్తకంలోని పటాలు, గొలుసుతో కొలిచి గీసినవి. 66 అడుగుల గొలుసు, వంద లింకులు. ఒక సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు, మన సెంటు లెక్క ఆ గొలుసులో చక్కగా ఒదిగిపోతుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేతో గొలుసు పోయి డ్రోన్, రోవర్ వచ్చాయి. రోవర్ అంటే నిలువు కర్ర, దాని తల మీద పుట్టగొడుగు లాంటి యాంటెన్నా. అది ఒంటరిగా పనిచేయదు. ఖచ్చితంగా తెలిసిన చోట పాతిన స్టేషన్ ఒకటి అవే శాటిలైట్లను వింటూ, ఈ క్షణంలో ఆకాశం ఎంత తప్పు చెబుతోందో మొబైల్ నెట్ మీద పంపుతుంది. రోవర్ ఆ తప్పును తీసేసుకుని, సిగ్నల్ మోసుకొచ్చే తరంగాన్నే కొలబద్దగా వాడుతుంది. జీపీఎస్ ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. ఎన్ని తరంగాలు పూర్తిగా వచ్చాయో, చివరి తరంగంలో ఎంత భాగం వచ్చిందో తేలిస్తే కొలత ఒకటి రెండు సెంటీమీటర్లలోకి దిగుతుంది. సర్వేయర్ తెర వైపు చూస్తూ ఆగేది దీనికోసమే. ఫ్లోట్ అని ఉన్నంతసేపూ తరంగాల లెక్క తేలనట్టు. ఫిక్స్‌డ్ అని వచ్చాకే ఆ సరిహద్దు రాయి కొలత నమ్మదగ్గది.

ఫోన్ యాప్ పట్టుకుని పొలం చుట్టూ నడిచి ఇంత విస్తీర్ణం అని చెప్పేవాళ్లు ఇప్పుడు ఊరికొకరు ఉన్నారు. దాన్ని నమ్మి బయానా ఇవ్వకూడదు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు. ఫోన్‌లో 5 మీటర్ల తేడా మామూలే. ఒక్క గట్టు 5 మీటర్లు పక్కకు జరిగితే పోయేది లేదా కలిసేది దాదాపు 8 సెంట్లు.

ఎత్తు విషయంలో ఇంకా విడ్డూరం ఉంది. శాటిలైట్ చెప్పే ఎత్తు, భూమిని పైనా కిందా కాస్త నొక్కిన నున్నటి బంతిలా ఊహించుకున్న ఒక లెక్క మీద నుంచి కొలిచినది. అసలు సముద్ర మట్టం ఆకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాని ఆకారాన్ని కట్టే లెక్కల్లో అమెరికా గణితజ్ఞురాలు గ్లాడిస్ వెస్ట్ ఏళ్ల తరబడి పనిచేశారు. ప్రపంచంలోకెల్లా లోతైన గుంట శ్రీలంకకు దక్షిణాన ఉంది, మన తీరం దాని వాలులో ఉంది. అందుకే శ్రీహరికోట ఒడ్డున ఇసుకలో నిలబడి రోవర్ పెడితే, సవరించని ఎత్తు సున్నాకు ఎనభై తొంభై మీటర్ల కిందికి వస్తుంది. చెరువు కాలువ వాలు చూసేవాళ్లు ఈ తేడా తీయకుండా పాత మట్టాలతో కలిపితే నీళ్లు పారాల్సిన దిక్కు తారుమారవుతుంది.

చిత్తూరు వైపు సర్వేలో ఇంకో అడ్డం తరచూ వస్తుంది. ఇక్కడ చాలా చోట్ల సరిహద్దు రాయి మామిడి చెట్టు కిందే ఉంటుంది, అది గట్టున పుట్టి గట్టునే పెరిగిన చెట్టు. ఆకులు తడిగా, గుబురుగా ఉంటే సిగ్నల్ తెగిపోయి రోవర్ ఫ్లోట్ దగ్గరే కొట్టుకుంటుంది, ఎంతసేపు నిలబడ్డా ఫిక్స్‌డ్ రాదు. అప్పుడు చేసేది ఒక్కటే. ఆకాశం బాగా కనిపించే చోట రెండు గుర్తులు పెట్టి, వాటిని రోవర్‌తో కొలుస్తారు. అక్కడి నుంచి చెట్టు కింది రాయి దాకా ఇద్దరు మనుషులు టేపు లాగి పట్టుకుంటారు, పక్క పొలం రైతు కూడా వంగి చూస్తాడు.